ఎలైజా తిరిగి రాలేదు: బెర్నార్డ్ షా నాటకమూ, ఉత్తరాలూ



జార్జ్ బెర్నార్డ్ షా అనగానే మన తెలుగు పాఠకులకు ముందుగా జ్ఞాపకం వచ్చేవి ఆయన నాటకాలు కావు, చమత్కారాలు. వారపత్రికలలో కథ ముగిసిన తరువాత పేజీ అడుగున నాలుగంగుళాల చోటు మిగిలితే దానిని పూరించడానికి సంపాదకులకు దశాబ్దాల తరబడి అక్కరకు వచ్చిన మహానుభావుడాయన. ఒక అందగత్తె వచ్చి, మనకు పుట్టే బిడ్డకు నా అందమూ మీ తెలివీ వస్తే ఎంత బాగుంటుందని అడిగిందనీ, ఆయన దానిని తిరగవేసి బదులు చెప్పాడనీ ఒక కథ ఉన్నది. అది విననివారుండరు. ఆ అందగత్తె పేరు మాత్రం ఒక్కొక్క పత్రికలో ఒక్కొక్క విధంగా ఉండేది! అన్నాడో లేదో తేలని మాటలకు ఇంత ప్రచారం జరిగి, ఆయన స్వహస్తంతో వ్రాసిన వేలాది ఉత్తరాలకు మనలో అందులో పదోవంతు ప్రచారమైనా రాకపోవడం విచిత్రమే.

షా 1856 జులై 26న డబ్లిన్ నగరంలో పుట్టి, 1950 నవంబరు 2న ఇంగ్లండులో కన్నుమూశాడు. తొంభై నాలుగేళ్ల జీవితం. అందులో సుమారు డెబ్భై అయిదేళ్లు ఉత్తరాలు వ్రాస్తూనే ఉన్నాడు. డాన్ లారెన్స్ అనే పరిశోధకుడు వాటిలో నుంచి ఏరి, నాలుగు బృహత్సంపుటాలుగా 1965 నుంచి 1988 దాకా ప్రకటించాడు. ఏరగా వచ్చినవే నాలుగు సంపుటాలు! ఇవి కాక 1885 నుంచి 1897 వరకు వ్రాసుకున్న దినచర్యలు రెండు సంపుటాలుగా 1986లో వెలువడ్డాయి. ఆ దినచర్యలు పిట్‌మన్ సంకేత లిపిలో, అనగా షార్ట్‌హాండులో ఉన్నందువల్ల ముందుగా వాటిని విప్పి చదవవలసి వచ్చింది. ఆయన నాటకాలను కూడా చాలావరకు ఆ లిపిలోనే వ్రాసి, కార్యదర్శి చేత టైపు చేయించేవాడు.

ఇంత కాగితం మిగిలితే దానితో మనమేమి చేయాలి? ఒక రచయిత ఉత్తరంలో ఒక మాటా, నాటకంలో ఇంకొక మాటా చెబితే దేనిని ప్రమాణంగా తీసుకోవాలి? ఈ టపాలో నేను తేల్చదలచుకున్నది ఈ ఒక్క ప్రశ్న. ఇందుకు "పిగ్మేలియన్" నాటకాన్ని మించిన ఉదాహరణ నాకు తెలిసినంతలో లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి, భాష నేర్పే ఉపాధ్యాయుడూ నేర్చుకునే పిల్లా ప్రధాన పాత్రలైన ఈ నాటకం మీద నాకు కొంత పక్షపాతం ఉన్నదని ముందే చెప్పుకుంటున్నాను.

కథ చాలామందికి తెలిసినదే. లండనులో వానకు తడవకుండా జనం ఒక చర్చి వసారాలో నిలబడి ఉంటారు. అక్కడ పూలమ్మే ఎలైజా డూలిటిల్ మాటలను ఒకాయన పుస్తకంలో వ్రాసుకుంటూ ఉంటాడు. ఆయన ధ్వనిశాస్త్రవేత్త హిగ్గిన్స్. మనిషి నోరు విప్పితే చాలు, ఏ వీధిలో పుట్టాడో చెప్పగలడు. ఈ పిల్లకు ఆరు నెలలు భాష నేర్పి గొప్పింటి స్త్రీగా చెలామణి చేయించగలనని పందెం వేస్తాడు. గెలుస్తాడు. గెలిచిన రాత్రి, పందెం సంగతే తప్ప ఆ పిల్ల సంగతి ఆయనకు పట్టదు. ఎలైజా ఆయన చెప్పులు తీసి ఆయన మీదకే విసురుతుంది. మరునాడు హిగ్గిన్స్ తల్లి ఇంట్లో ఇద్దరికీ పెద్ద వాదం జరుగుతుంది. చివరకు ఆయన మామూలు ధోరణిలో, పంది మాంసమూ జున్నూ తెమ్మనీ, చేతి తొడుగులూ టై కొనుక్కు రమ్మనీ ఆమెకు పురమాయిస్తాడు. నీవే కొనుక్కోవయ్యా అన్న అర్థం వచ్చే మాట ఒకటి అనేసి ఎలైజా వెళ్లిపోతుంది. ఆయన మాత్రం ఆమె తెస్తుందన్న ధీమాతో నిలబడి ఉండగా తెర పడుతుంది.

ఆమె తిరిగి వచ్చిందా, లేదా? ఆ తెర పడిన నాటి నుంచి వివాదం ఇదే.

ముందు ఉత్తరాలు ఏమి చెబుతున్నాయో చూద్దాం. 1897 సెప్టెంబరులో షా ఆనాటి మహానటి ఎలెన్ టెర్రీకి వ్రాసిన ఒక ఉత్తరంలో ఈ నాటకానికి బీజం కనబడుతుంది. ఫోర్బ్స్ రాబర్ట్‌సన్ అనే నటుడికీ, శ్రీమతి పాట్రిక్ కాంప్‌బెల్‌కీ సరిపడే నాటకమొకటి మనసులో మెదులుతున్నదని చెబుతాడు. అతడు పడమటి లండను పెద్దమనిషి, ఆమె తూర్పు లండను పేటలలోని పిల్ల. నడుముకు గుడ్డ, తలమీద రంగురంగుల నిప్పుకోడి ఈకలు మూడు! నాటకం పూర్తయినది 1912లో. అందులో రెండవ అంకంలో ఎలైజా హిగ్గిన్స్ ఇంటికి వచ్చేటప్పుడు ఆమె టోపీ మీద మూడు నిప్పుకోడి ఈకలే ఉంటాయి. పదిహేనేళ్ల పాటు ఆ మూడు ఈకలు ఆ బుర్రలో చెదరకుండా ఉన్నాయన్నమాట. ఒక కల్పన ఎంతకాలం నానితే నాటకమవుతుందో చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం ఏ విమర్శ గ్రంథంలో దొరుకుతుంది? ఉత్తరాల వల్ల కలిగే మొదటి ప్రయోజనం ఇది. పుట్టుక తెలుస్తుంది.

రెండవ ప్రయోజనం, తప్పుడు ఊహలను కొట్టివేయడం. 1912 జూన్‌లో షా ఈ నాటకాన్ని శ్రీమతి కాంప్‌బెల్‌కు చదివి వినిపించాడు. వినిపించిన కొద్ది రోజులకే యాభై ఆరేళ్లు నిండబోతున్న ఆ వివాహితుడు ఆమె మీద పీకలలోతు ప్రేమలో పడ్డాడు. ఆ కాలపు ఉత్తరాలు చూస్తే, ఇంత బుద్ధిమంతుడు ఇట్లా వ్రాశాడా అని ఆశ్చర్యం కలుగుతుంది. 1913 ఆగస్టులో ఆమె ఒక సముద్రతీరపు ఊరిలో ఈయనను విడిచి, చెప్పకుండా వెళ్లిపోయింది. అప్పటి ఉత్తరాలలో కోపం కట్టలు తెంచుకున్నది. 1914 ఏప్రిల్ 6న ఆమె మరొకరిని పెళ్లాడింది. అయిదు రోజుల తరువాత, ఏప్రిల్ 11న, లండనులో "పిగ్మేలియన్" మొదటి ప్రదర్శన. ఎలైజా పాత్ర ధరించినది ఆమే. అప్పటికి ఆమె వయసు నలభై తొమ్మిది.

ఈ కథ విన్నవారు, వదలి వెళ్లిన ప్రియురాలి మీద కసితోనే షా ఎలైజాను నాటకంలోంచి పంపించివేశాడని అనుకోవడం సహజం. కాని తేదీలు దానిని ఒప్పుకోవు. ఎలైజా నాటకంలో వెళ్లిపోయినది 1912లో. శ్రీమతి కాంప్‌బెల్ జీవితంలో వెళ్లిపోయినది 1913లో. కారణం కార్యానికి ముందుండాలి కదా! తర్కశాస్త్రంలో మొదటి పాఠమే ఇది. నాటకం జీవితాన్ని అనుకరించలేదు. జీవితమే నాటకం వెంట నడిచింది. ఉత్తరాల మీద తేదీలు లేకపోతే ఈ సంగతి ఎన్నటికీ తేలేది కాదు.

ఇక ప్రదర్శన సంగతి. నిజానికి ఈ నాటకం మొదట ఆడినది లండనులో కాదు, 1913 అక్టోబరులో వియన్నాలో, జర్మన్ అనువాదంలో. లండను ప్రదర్శనలో హిగ్గిన్స్ వేషం వేసినవాడు సర్ హెర్బర్ట్ ట్రీ. నాటకశాల ఆయనదే. మొదటి రాత్రి మరునాడు షా తన భార్య షార్లట్‌కు వ్రాసిన ఉత్తరం చదివి తీరవలసినది. చివరి మాటలను ఎట్లా చెప్పాలో తాను ట్రీకి ప్రత్యేకంగా నేర్పాననీ, తల్లి మీద ధ్యాస పెట్టి, ఎలైజాతో ఆ సరుకుల మాట ఏదో గుర్తుకు వచ్చినట్లు అనాలనీ చెప్పాననీ అంటాడు. తీరా తాను నాటకశాల విడిచి వస్తూ చూసినదేమిటి? హిగ్గిన్స్ తల్లిని పక్కకు నెట్టి, విరహవేదన పడుతున్న రోమియోలాగా ఎలైజాను బతిమాలుతున్నాడు! తరువాత నూరవ ప్రదర్శనకు వెళితే ఇంకా ఘోరం. చివరి మాటకూ తెర పడటానికీ మధ్య దొరికిన క్షణంలో ట్రీ ఎలైజాకు పూలు విసురుతున్నాడు. ఆ ముగింపు వల్లనే డబ్బు వస్తున్నదని ట్రీ సమర్థించుకుంటే, షా ఇచ్చిన బదులు ఇక్కడ వ్రాయదగినది కాదు.

ప్రేక్షకుల ఊహకు అడ్డుకట్ట వేయాలని షా 1916 ముద్రణలో నాటకం చివర ఒక పెద్ద అనుబంధం చేర్చాడు. ఎలైజా ఫ్రెడ్డీ అనే పనికిమాలిన మంచి కుర్రవాణ్ణి పెళ్లాడుతుందనీ, ఇద్దరూ పూల దుకాణం పెడతారనీ, లెక్కలు రాక నష్టపోతారనీ, రాత్రి బడికి వెళ్లి నేర్చుకుంటారనీ సవిస్తరంగా వ్రాశాడు. అయినా ఎవరు విన్నారు? 1938 సినిమాలో చివర ఎలైజా తిరిగి వచ్చింది, హిగ్గిన్స్ తన చెప్పులేవని అడిగాడు. ఆ సినిమా కథనానికే షాకు ఆస్కార్ బహుమానం! 1925 సంవత్సరానికి నోబెల్ బహుమతి అప్పటికే వచ్చి ఉన్నది. 1941 ముద్రణలో ఆయన చివరి మాటలను మళ్లీ మార్చి, ఆమె ఫ్రెడ్డీని పెళ్లాడబోతున్నదని హిగ్గిన్స్ చేతనే చెప్పించాడు. బతికి ఉన్నంతకాలం ఈ నాటకాన్ని సంగీత రూపకం చేయడానికి ఒప్పుకోలేదు. ఆయన పోయిన ఆరేళ్లకు, 1956లో, "మై ఫెయిర్ లేడీ" వచ్చింది. అందులోనూ ఎలైజా తిరిగి వచ్చింది. చెప్పుల ప్రశ్న దగ్గరే తెర పడింది.

ఇప్పుడు పూర్వపక్షం వినాలి. ఎదుటివారి వాదాన్ని వారికంటె బాగా చెప్పి ఆ తరువాత ఖండించాలని మా గురువులు చెప్పేవారు.

పూర్వపక్షం ఇది: రచన ఒకసారి లోకంలోకి వచ్చిన తరువాత రచయితకు దాని మీద అధికారం లేదు. నాటకానికి "అయిదంకాల రొమాన్స్" అని ఉపశీర్షిక పెట్టినది షాయే. నాయకుడూ నాయికా ఎదురెదురుగా నిలిచి అంతసేపు వాదులాడుకుంటే అది ప్రేమ కాక మరేమిటి? ట్రీ నుంచి సినిమా వారి దాకా, అక్కడి నుంచి సంగీత రూపకం వారి దాకా అందరికీ ఒకటే తోచిందంటే ఆ బీజం నాటకంలో ఉండే ఉండాలి. రచయిత ఉత్తరాలలో ఎంత అరిచినా, అనుబంధాలు ఎన్ని అతికించినా, నాటకం చెప్పని దానిని అవి చెప్పలేవు.

ఈ వాదంలోని చివరి వాక్యాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తాను. ఉత్తరం వ్యాఖ్యానమే, మూలం కాదు. కాళిదాసు స్వయంగా లేచి వచ్చి తన శ్లోకానికి అర్థం చెప్పినా, ఆ అర్థం శ్లోకంలో పొసిగితేనే మనం స్వీకరించాలి. షా ఉత్తరాలను పట్టుకుని "రచయితే చెప్పాడు కదా" అని వాదించడం నా పద్ధతి కాదు. కాని నాటకం ఏమి చెబుతున్నదో నాటకాన్నే అడిగితే? అందుకు మన మీమాంసకులు మంచి సాధనం ఇచ్చారు. ఒక గ్రంథ తాత్పర్యాన్ని నిర్ణయించడానికి ఆరు లింగాలు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. వేదవాక్యాలకు ఉద్దేశించిన కొలబద్దను ఐరిష్ నాటకానికి పెడుతున్నందుకు పెద్దలు మన్నింతురుగాక.

ఉపక్రమం చూడండి. రెండవ అంకంలో ఎలైజా హిగ్గిన్స్ ఇంటికి తనంత తాను వస్తుంది. ఎవరూ పిలవలేదు. ఎందుకు వచ్చింది? వీధిలో పూలమ్మే బదులు దుకాణంలో పూలమ్మాలని, దానికి తగిన భాష కావాలని. ఉచితంగా చెప్పమనలేదు. పాఠానికి ఒక షిల్లింగు ఇస్తానన్నది. ఆమె రోజు సంపాదనలో అది ఎంత పెద్ద భాగమో హిగ్గిన్సే లెక్కగట్టి ఆశ్చర్యపోతాడు. దొరసాని కావాలని ఆమె కోరలేదు. అది హిగ్గిన్స్ పందెం. పెళ్లి ఊసే లేదు. ఉపసంహారం చూడండి. నీవు నేర్పిన విద్యను నేనూ నేర్పగలను, ఉపాధ్యాయినిగా బతకగలను అంటుంది ఆమె. శిష్యురాలిగా ఆరంభమైన కథ ఉపాధ్యాయినిగా ముగుస్తున్నది. ఆరంభంలో రుసుము చేతబట్టుకుని వచ్చిన పిల్ల చివరలో కూలి లేని చాకిరీకి ఒప్పుకోకుండా వెళుతున్నది. ఆద్యంతాలు ఇంత చక్కగా పొసిగిన తరువాత ఆమెను వెనక్కు తెచ్చి చెప్పులు వెతికిస్తే, ఉపక్రమానికి అర్థమేమి మిగిలింది?

అభ్యాసమంటే పునరుక్తి. ఈ నాటకంలో పదేపదే వినిపించే ప్రశ్న ఒకటున్నది: చదువు ముగిశాక ఈ పిల్ల గతి ఏమిటి? రెండవ అంకంలో ఇంటి పెత్తనం చేసే మిసెస్ పియర్స్ అడుగుతుంది. మూడవ అంకంలో హిగ్గిన్స్ తల్లి అడుగుతుంది. నాలుగవ అంకంలో ఎలైజాయే అడుగుతుంది. అడిగినవారు ముగ్గురూ స్త్రీలే. ముగ్గురికీ హిగ్గిన్స్ సరైన బదులు ఇవ్వడు. మూడుమార్లు అడిగిన ప్రశ్నకు అయిదవ అంకంలో ఎలైజా తన నడకతో జవాబు చెబుతుంది. ప్రేమా, కాదా అన్నది నాటకం ఒక్కసారైనా అడగని ప్రశ్న. అడగని ప్రశ్నకు జవాబు వెతికినవారు ట్రీ వర్గం వారు.

అపూర్వత, అనగా ఇతరత్ర లేని విశేషం. ఒవిడ్ అనే రోమక కవి చెప్పిన మూలకథలో పిగ్మేలియన్ శిల్పి. తాను చెక్కిన బొమ్మనే ప్రేమిస్తాడు, దేవత దయవల్ల బొమ్మకు ప్రాణం వస్తుంది, పెళ్లి జరుగుతుంది. ఆ కథనే మళ్లీ చెప్పదలిస్తే షా అక్కరలేదు, ఒవిడ్ చాలు. బొమ్మకు ప్రాణం వచ్చిన మరుక్షణం దానికి సొంత బుద్ధి కూడా వస్తుందనడమే షా చేర్చిన కొత్తదనం.

అర్థవాదమంటే ప్రశంస. ఎలైజా ప్రశంసించేది హిగ్గిన్స్‌ను కాదు, ఆయన స్నేహితుడు పికరింగ్‌ను. ఎందుకంటే మొదటి రోజునే ఆయన తనను మర్యాదగా "మిస్ డూలిటిల్" అని పిలిచాడు. తన అసలు చదువు అక్కడ మొదలయిందని ఆమె చెబుతుంది. ఉచ్చారణ హిగ్గిన్స్ నేర్పాడు. ఆత్మగౌరవం పికరింగ్ పిలుపు నేర్పింది. నాటకం మొత్తంలో నా మనసుకు అతి దగ్గరగా తగిలిన ఘట్టం ఇదే. ఫలమూ ఉపపత్తీ వేరే చెప్పనక్కరలేదు. స్వాతంత్ర్యమే ఫలం. తల్లిని మించిన స్త్రీ కనబడని హిగ్గిన్స్ ఎవరికీ భర్త కాలేడన్నది ఉపపత్తి.

కనుక సిద్ధాంతం ఇది. ఎలైజా తిరిగి రాదు. షా ఉత్తరంలో చెప్పాడు కాబట్టి కాదు, నాటకం చెబుతున్నది కాబట్టి. ఇదే కొలబద్ద షాకూ వర్తిస్తుంది. ఫ్రెడ్డీతో పెళ్లి, పూల దుకాణం, లెక్కల బడి — ఇవన్నీ అనుబంధంలో ఉన్నవి. ఫ్రెడ్డీని పెళ్లాడతానని ఎలైజా అన్నది కోపంలో. దానిని నాటకం ఆమె ఇష్టానికి వదిలింది. ట్రీ ఆమెను హిగ్గిన్స్‌కు కట్టబెడితే, షా ఆమెను ఫ్రెడ్డీకి కట్టబెట్టాడు. ఇద్దరూ కన్యాదాతలే! నాటకంలోని ఎలైజా ఇద్దరినీ లెక్కచేయకుండా తలుపు దాటి వెళ్లింది. అనుబంధం షా పత్రాలలో ఒక పత్రం. చదవాలి, ఆనందించాలి. దానికి కట్టుబడనక్కరలేదు.

ఇంత చిన్న విషయానికి ఇంత శాస్త్రమా అని మీరు అడగవచ్చు. చిన్న విషయం కాదు. భాష నేర్పినవాడికి నేర్చుకున్నవారి మీద హక్కు ఏమేరకు ఉంటుందన్నదే ఇక్కడి అసలు సంగతి. మా వృత్తిలో తరచు వినబడే మాట ఒకటున్నది: "వాణ్ణి నేనే తయారుచేశాను." పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాట బడిలో తప్పవుతుంది. దిద్దుతాం. దిద్దడం మా పని. ఆ పిల్లవాడు పెద్దవాడై, మేము దిద్దిన భాషలోనే మాకు ఎదురు చెప్పిన నాడు, ఎంతమంది ఉపాధ్యాయులు సంతోషించగలరు? మన భారతంలో ఏకలవ్యుడు గురువు బొమ్మను తానే చేసుకుని విద్య నేర్చాడు. నేర్పని గురువు బొటనవేలు అడిగాడు, శిష్యుడు ఇచ్చాడు. ఆ త్యాగాన్ని పొగడుతూ పాఠాలు చెప్పాం. షా నాటకంలో నేర్పిన గురువే ఉన్నాడు, అడిగినది చేతి తొడుగులే. శిష్యురాలు ఇవ్వనన్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పదవ తరగతి పిల్లలకు చెప్పి, ఎవరు సరి అని అడిగితే తరగతి గదిలో ఎంత చక్కటి చర్చ జరుగుతుందో! చేయదలచిన ఉపాధ్యాయులెవరైనా ఉంటే చేసి చూడండి.

ఇప్పుడు పత్రాల భద్రత గురించి ఒక మాట. షా తన కాగితాలను జాగ్రత్త చేసినవాడు. చాలాకాలం అచ్చుకు నోచుకోని తొలి నవల వ్రాతప్రతిని ఎలుకలు కొరికిన సంగతిని తానే హాస్యంగా చెప్పుకున్నాడు కాని, ఆ తరువాత వ్రాసినవాటిని ఎలుకలకు వదలలేదు. ఆయన పత్రాలలో పెద్ద భాగం లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అమెరికాలో టెక్సాస్, కార్నెల్ విశ్వవిద్యాలయాలలో కొంత ఉన్నది. నివసించిన ఇంటిని 1944లో నేషనల్ ట్రస్టుకు ఇచ్చాడు. ఎదుటివారి మనసు కూడా చూశాడు. ఎలెన్ టెర్రీతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు ఆమె పోయిన మూడేళ్లకు, 1931లో అచ్చయ్యాయి. అప్పుడు ఆమె కుమారుడు గోర్డన్ క్రెయిగ్ తీవ్రంగా నొచ్చుకున్నాడు. శ్రీమతి కాంప్‌బెల్ చివరి రోజులలో డబ్బుకు ఇబ్బంది పడింది. తన దగ్గరున్న షా ఉత్తరాలను పూర్తిగా అచ్చు వేసుకోవాలనుకున్నది. భార్య బ్రతికి ఉండగా వీల్లేదన్నాడు షా. కాగితం అందుకున్నవారిది, అచ్చు వేసే హక్కు వ్రాసినవారిది. చట్టం ఆయన పక్షాన ఉన్నది. ఆమె 1940లో పోయింది, షార్లట్ 1943లో పోయింది, షా 1950లో పోయాడు. ఆ ఉత్తరాలు 1952లో వెలుగు చూశాయి. ఎవరి మనసూ నొప్పించకుండా ఉండటానికి ముగ్గురి మరణాలు కావలసి వచ్చాయి. న్యాయమే అనిపిస్తుంది, ఆమె లేమి తలచుకుంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

మన సంగతి? గురజాడ వారి ఉత్తరాలూ దినచర్యలూ మిగిలి అచ్చయ్యాయి కనుకనే ఆయన ఆలోచనల గురించి ఆధారంతో మాట్లాడగలుగుతున్నాం. "కన్యాశుల్కం" 1897 ప్రతినీ 1909 ప్రతినీ పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం. అంత అదృష్టం ఎందరు తెలుగు రచయితలకు దక్కింది? పెద్దాయన పోయిన పన్నెండవ రోజు తరువాత అటక మీది పెట్టెలోని ఉత్తరాలు ఎటు పోతున్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీ ఇళ్లలో అట్టివి ఉంటే, పారవేసే ముందు ఒక్కసారి తేదీలు చూడండి. తేదీ ఎంత పని చేస్తుందో పైన చూశాం కదా.

ముగించే ముందు మన లిపిమిత్రులకు ప్రీతి కలిగించే ముచ్చట ఒకటి. ఇంగ్లీషు పలకడం ఒకటి, వ్రాయడం ఒకటి అని షా జీవితమంతా విసుక్కున్నాడు. ఇరవై ఆరు అక్షరాలు చాలవనీ, కనీసం నలభై కావాలనీ ఆయన పట్టు. అచ్చులూ హల్లులూ స్థానప్రయత్నాలతో సహా అమర్చిపెట్టిన వర్ణమాల పుట్టుకతోనే వచ్చిన మనకు ఆ బాధ సగమే తెలుస్తుంది. కొత్త లిపి కోసం ఆయన వీలునామాలో డబ్బు కేటాయించాడు. ఆ నిబంధన చెల్లదని 1957లో న్యాయస్థానం తీర్పు చెప్పినా, తరువాత రాజీలో 8,300 పౌండ్లు దక్కాయి. పోటీ పెట్టి లిపిని తయారు చేయించి, 1962లో ఆయన "ఆండ్రోక్లీజ్ అండ్ ద లయన్" నాటకాన్ని ఒక పుటలో కొత్త లిపిలో, ఎదుటి పుటలో రోమన్ లిపిలో అచ్చువేశారు. లోకం ఆ లిపిని వాడలేదు. కాని 2003లో అది యూనికోడ్‌లో చోటు సంపాదించుకున్నది! మన తెలుగు లిపి ఉన్న ఇంట్లోనే ఒక మూల గదిలో షా అక్షరాలు కూడా కాపురముంటున్నాయి.

మరొక విడ్డూరం. షా తన ఆస్తిలో మిగిలిన భాగాన్ని బ్రిటిష్ మ్యూజియానికీ, లండనులోని రాజ నాటక విద్యాలయానికీ, బాల్యంలో తాను గంటల తరబడి తిరిగిన డబ్లిన్ జాతీయ చిత్రశాలకూ పంచి ఇచ్చాడు. ఆ మూడింటికీ ధారగా డబ్బు కురిపించినది ఏది? "మై ఫెయిర్ లేడీ"! ఏ ముగింపును కాదని నలభై ఏళ్లు పోట్లాడాడో, ఆ ముగింపే ఆయన దానధర్మాలకు పెట్టుబడి అయింది. డబ్బు తెచ్చే ముగింపు అని ట్రీ అన్నమాట ఆ విధంగా నిజమయింది. డబ్బు తెచ్చినంత మాత్రాన సరైన ముగింపు కాదన్న షా మాట కూడా నిజంగానే మిగిలింది.

మన దేశంలో షా నాటకాల మీద హక్కులు 2010తో ముగిశాయి. ఎవరైనా తెలుగు చేయవచ్చు. మరాఠీలో పు. ల. దేశ్‌పాండే 1975లోనే "తీ ఫుల్‌రాణీ" పేరిట "పిగ్మేలియన్"ను తమ నేలకు దించుకున్నారు. ఎలైజా యాసకు మన భాషలో ఏ సీమ పలుకుబడి పెట్టాలన్నది పెద్ద చిక్కు. ఏది పెట్టినా ఆ సీమవారికి కోపం వస్తుంది, రావాలి కూడా. ఆ కోపమే ఈ నాటకంలోని వస్తువు. పూనుకునేవారికి నా మనవి ఒక్కటే. హిగ్గిన్స్ భాష ఎంత గంభీరంగా పెట్టినా పెట్టండి, చివర ఆ అమ్మాయిని మాత్రం వెనక్కు పిలవకండి.

ఏకీభవించని మిత్రులు పూర్వపక్షం వైపు నుంచి వ్రాస్తే సంతోషిస్తాను. ఆరు లింగాలతోనే వాదించాలన్న నియమం లేదు. నాటకం మాత్రం చదివి రావాలి.

స్వస్తి.